పది అడుగులు వెనక్కి నిలబడి చూడండి

బండి మాట: పాఠకుల ప్రశ్నలు, మేస్త్రీ జవాబులు

(అనంతపురం గుత్తి రోడ్డులో 38 ఏళ్లు టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు నడిపి ఇప్పుడు కొడుక్కి అప్పగించిన మేస్త్రీ ఈ శీర్షిక రాస్తున్నారు.)

ప్రశ్న: మేస్త్రీ గారూ, నేను తాడిపత్రిలో హైస్కూలు టీచర్ని. రిటైర్మెంటుకు ఇంకా ఆరేళ్లుంది. మా అమ్మతో కలిపి ఇంట్లో ఐదుగురం. పాత చిన్న కారు ఇచ్చేసి మధ్య సైజు సెడాన్ తీసుకుందామనుకుంటున్నాం. నాకు సాదాగా ఉండే కార్లే నచ్చుతాయి. బెంగళూరులో ఇంజనీరింగ్ చదివే మావాడు "నాన్నా, అది అంకుల్ కారు" అంటున్నాడు. మా ఆవిడ "పెళ్లిళ్లకు బాడుగకు పంపే కారు మాదిరుంది" అనేసింది. ఒకసారి కొంటే పదేళ్లు ఉంచుకుంటాను. అప్పటికి కూడా చూడబుద్ధయ్యే కారేదో పైరూపం చూసి తెలుసుకోవడం ఎట్లా?

జవాబు: సార్, మీవాడి మాటను తీసిపారేయకండి. అంకుల్ కారు అన్నాడంటే వాడికేదో కనబడే ఉంటుంది. సాదాతనంలో రెండు రకాలున్నాయి. ఎక్కడ ఆపాలో తెలిసి ఆపింది ఒకటి. ఏం చేయాలో తోచక అట్లా వదిలేసింది ఇంకొకటి. షోరూములో రెండూ ఒకే తీరుగా మెరుస్తాయి, అక్కడి లైట్లు అట్లాంటివి మరి.

అందుకని టెస్ట్ డ్రైవ్ బండిని సాయంత్రం ఐదు గంటలప్పుడు తెప్పించుకోండి. ఎండ వాలిన పక్క బండి నిలబెట్టించి, మీరు పది అడుగులు దూరం జరిగి దాన్ని పక్క నుంచి చూడండి. మొహం వైపు పోవద్దు. అందరూ మొహం చూసే కారు కొంటారని కంపెనీలకు తెలుసు. మూడు నాలుగేళ్లకొకసారి ఫేస్‌లిఫ్ట్ అంటూ మార్చేది దాన్నే. గ్రిల్లు, బంపర్లు, లైట్లు అన్నీ బోల్టులు విప్పి మార్చే సామాను. డోర్ల జోలికి, రూఫు జోలికి పోరు. రేకును ఆ ఆకారంలో నొక్కే డైలు కొత్తవి చేయించాలంటే కోట్లలో పని. మారుతి సియాజ్ 2014లో వచ్చింది, 2018లో మొహం మారింది, 2025లో ఆగిపోయింది. మొదటి రోజు డోర్లే చివరి రోజు దాకా ఉన్నాయి. 2020 నాటి హోండా సిటీకి 2023లో చేసింది కూడా మొహం పనే. అంటే మీరు కొన్న మూడో ఏటికే మీ కారు మొహం పాతదైపోవచ్చు. పక్క మాత్రం అంత తొందరగా పాతబడదు. మీరు చూసుకోవాల్సింది ఆ పక్కనే.

పక్క నుంచి చూస్తే సెడాన్ అంటే మూడు పెట్టెలు. ముందు బానెట్, మధ్యలో మనుషులు కూర్చునే గది, వెనక డిక్కీ. నేను పని నేర్చుకునే రోజుల్లో అంబాసిడర్, పద్మిని కార్లలో ఏ పెట్టెకు ఆ పెట్టె విడిగా తెలిసేది. ఇప్పుడు గాలి కోసం, మైలేజీ కోసం ముందద్దం బానెట్ మీదికి, వెనకద్దం డిక్కీ మీదికి వాలిపోయాయి. కొంతవరకు అందమే. వాలు మరీ ఎక్కువైతే వెనక సీటు నెత్తిన రూఫు దిగుతుంది, వెనక డోరు పైమూల కిందికొస్తుంది. షోరూముకు మీ అమ్మగారిని కూడా తీసుకుపొండి. మా అత్త మా అల్లుడి కొత్త కారు ఎక్కిన ప్రతిసారీ కొప్పు తగిలి "ఏం కారు నాయనా ఇది, వంగి వంగి దండం పెడితే గానీ ఎక్కనీదు" అనేది. బయటి గీత లోపలి తలకు తగులుతుందని డిజైన్ చేసినవాడికి తెలిసే ఉంటుంది. మా అత్త అయితే వాడి లెక్కలో లేదు.

తర్వాత చక్రాలు. ముందు చక్రానికి, వెనక చక్రానికి మధ్య దూరాన్ని వీల్‌బేస్ అంటారు. 2020 సిటీ పొడుగు 4549 మిల్లీమీటర్లు, వీల్‌బేస్ 2600. 2023లో వచ్చిన హ్యుందయ్ వెర్నా పొడుగు 4535, వీల్‌బేస్ 2670. పొడుగులో వెర్నాది ఒకటిన్నర సెంటీమీటరు తక్కువ, చక్రాలేమో ఏడు సెంటీమీటర్లు ఎడంగా ఉన్నాయి. చక్రాలకు ముందూ వెనకా వేలాడే భాగం అంత తగ్గినట్టు. లెక్కలో చిన్నదే, కంటికి మాత్రం తెలుస్తుంది. చక్రాలు మూలలకు జరిగిన కారు కాళ్లు తన్నిపెట్టి నిలబడిన ఎద్దు మాదిరి ఉంటుంది. లోపలికి జరిగితే ముక్కు ముందుకు సాగినట్టు కనిపిస్తుంది. స్కోడా స్లావియా, ఫోక్స్‌వాగన్ వర్టస్ రెండింటికీ వీల్‌బేస్ 2651. ఒకే అస్థిపంజరం, తొడిగిన బట్టలు వేరు. వీలైతే ఆ రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి చూడండి. కొలత ఒకటే అయినా గీతలు మారితే కారు ఎంత మారుతుందో అక్కడ తెలిసినట్టు నేను చెప్పినా తెలియదు.

ఇక డోర్ల మీది గీత. హెడ్‌లైటు దగ్గర్నుంచి టెయిల్‌లైటు దాకా రేకులో మడత ఒకటి పోతుంది, చూశారా? అది అందానికే కాదు. పెద్ద రేకును సాపుగా వదిలేస్తే వేలితో నొక్కితే డబ్బా మూత మాదిరి టకటకమంటుంది. మడత పెడితే బిగువొస్తుంది. నా షెడ్డులో రెండు ట్యూబ్‌లైట్లు నిలువుగా కట్టి ఉండేవి. సొట్ట తీశాక డోరును వాటి ముందు పెట్టి, రేకులో కనబడే ట్యూబ్‌లైటు నీడను చూసేవాణ్ణి. నీడ వణక్కుండా నడిస్తే పని అయినట్టు, ఎక్కడైనా మెలిక తిరిగితే మళ్లీ లప్పం, మళ్లీ నీళ్లు పోసి గరకు కాగితంతో రుద్దడం. మడత లేనిచోట సొట్ట పడితే అరపూటలో తీసేవాణ్ణి. మడత మీద పడితే రోజంతా పట్టేది, ఆ అంచు మళ్లీ కత్తిలాగా తేవాలి కదా. అందుకే ఒక డోరు మీద మూడు నాలుగు మడతలున్న కారు వస్తే నాకు ఆనందం, ఓనరుకు బాధ. తాడిపత్రిలో నాపరాళ్ల లారీల పక్కన పార్కింగ్ చేసుకునే మనిషి మీరు. ఒకటే మడత, ముందు నుంచి వెనక్కి తెగకుండా పోయే మడత ఉన్న కారు చూసుకోండి. మీవాడికి అది అంకుల్ గీత కావచ్చు.

కొంతమంది పెయింటర్లు వద్దన్నా నేను తెలుపే తీసుకోమంటాను. మన ఎండలకు అదే నయం. పైగా సాదా తెలుపైతే పదేళ్లకు ఒక డోరు కొట్టించినా రంగు కలుస్తుంది. తెలుపులో ముత్యం మెరుపుండేది వేరే, అది కలపడం కష్టం. ఎర్రదుమ్ము కింది అంచుల్లో పడుతుంది, పడనీయండి.

సొంత మాట చెప్పమంటే నాకు సియాజ్ పక్క ఇష్టం. వెర్నా మొహం మీద ఆ చివర్నుంచి ఈ చివరకు లైటు గీత చూసినప్పుడల్లా నా షెడ్డు ట్యూబ్‌లైటే గుర్తొస్తుంది. మీవాడికి ఆ కారే నచ్చి ఉంటుందని పందెం కాస్తాను. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అవన్నీ ఎత్తుగా ఉండేవే, సెడాన్ ఒక్కటీ లేదు. మన పిల్లల కళ్లు వాటికే అలవాటు పడ్డాయి. అందుకే ఎత్తు తక్కువగా, పొడుగ్గా ఉన్న బండి కనబడితే ముసలోళ్లదనుకుంటున్నారు. మీ ఆవిడ మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. పెళ్లిళ్లకు తెల్ల సెడాన్లే పంపుతారు, నిజమే.

ప్రశ్న: ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం మాది. కొత్త సెడాన్ మరీ బోడిగా ఉందని డోరు హ్యాండిళ్లకు, అద్దాల చుట్టూ, డిక్కీ మీద, బంపర్ మూలలకు క్రోమ్ పట్టీలు వేయిద్దామనుకుంటున్నాం. వెనక డిక్కీ మీద రెక్క మాదిరి నిలబడే స్పాయిలర్ కూడా. మీ సలహా?

జవాబు: చీరలమ్మేవాళ్లకు నేను చెప్పాలా! ఒంటి నిండా జరీ పోస్తే అంచెక్కడుందో తెలుస్తుందా? చాలా సెడాన్లకు కంపెనీయే కిటికీల కింద సన్నటి క్రోమ్ గీత ఇస్తుంది. అది అద్దాల గదిని కింది రేకు నుంచి వేరుచేసి కారును పొడుగ్గా చూపిస్తుంది. మీ కారుకు అది లేకపోతే అదొక్కటి వేయించండి, మంచిది కొనండి.

మిగతావి వద్దు. మార్కెట్లో దొరికే పట్టీల్లో ఎక్కువ భాగం ప్లాస్టిక్ మీద పూత, వెనక రెండువైపులా అంటుకునే టేపు. దాని కిందికి మన దుమ్ము దూరుతుంది. బండి కదిలినప్పుడల్లా పట్టీ కొంచెం కొంచెం ఆడుతూ ఉంటే కింద పెయింటుకు గరకు కాగితం పెట్టి రుద్దినట్టే. రెండేళ్లకు పూత పొట్టులేస్తుంది. అప్పుడు పీకితే కింద హ్యాండిల్ చుట్టూ మొద్దుబారిన మచ్చ కనబడుతుంది. ఆ మచ్చలు పాలిష్ చేయించుకోవడానికి నా దగ్గరికి వచ్చినవాళ్లను లెక్కపెట్టడం మానేశాను.

స్పాయిలర్ సంగతి నా ఇంట్లోదే. 2016లో నేను సెకండ్ హ్యాండ్‌లో ఒక సిల్వర్ సెడాన్ కొన్నాను. నేను ఊర్లో లేనప్పుడు మావాడు డిక్కీకి నాలుగు బొక్కలు వేసి స్పాయిలర్ బిగించాడు. పెయింటర్ కొడుకే, బొక్కల అంచులకు ప్రైమర్ పూయలేదు! హైవేలో 80 దాటితే ఈల వేసేది. మనకు వాన పడేదే అరుదు కాబట్టి ఏడాది దాకా ఏమీ తెలియలేదు. సెప్టెంబరులో రెండు రోజులు బాగా పడింది. స్టెప్నీ తీద్దామని మ్యాటు ఎత్తితే గుంతలో నీళ్లు, రెండు నాణేలంత తుప్పు. స్పాయిలర్ పీకి, బొక్కలు వెల్డింగ్ చేసి, డిక్కీ మొత్తం మళ్లీ పెయింట్ కొట్టాను. కూలీ ఎవరిస్తారని వాణ్ణి ఇప్పటికీ అడుగుతుంటాను.

ముందు ఇనుప గార్డు గురించి మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. వేయించకండి. వాటి మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. గుద్దుకున్నప్పుడు దెబ్బ బంపర్‌కు తగలాల్సిన తీరులో తగలదు, ఎయిర్‌బ్యాగ్ సమయానికి తెరుచుకోకపోవచ్చు.

ప్రశ్న: రాయదుర్గం ఎండలకు అద్దాలకు నల్ల ఫిల్మ్ వేయించుకోవచ్చా? కారుకు అందం కూడా వస్తుంది.

జవాబు: అందం వస్తుంది, చలానా కూడా వస్తుంది. నల్ల ఫిల్ములు తీసేయాలని 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం వెలుతురు, పక్క అద్దాల్లోంచి 50 శాతం రావాలి. వేపచెట్టు కింద పెట్టుకోండి. కాయలు రాలే రోజుల్లో మాత్రం అక్కడా వద్దు, జిగురు పెయింటుకు పట్టుకుంటుంది.

ప్రశ్న: గుంతకల్లు నుంచి, రైల్వేలో చేసి రిటైరయ్యాను. 2015 నాటి నా సిల్వర్ సెడాన్‌కు ముందు బంపర్ మార్పించి రంగు కొట్టించాను. నీడలో బాగానే ఉంది. ఎండలోకి తెస్తే బంపర్ ఒక రంగు, పక్కన ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) ఒక రంగు. పెయింటర్ "కంపెనీ కోడ్ ప్రకారమే కలిపాను సార్" అంటున్నాడు. మోసం చేశాడా?

జవాబు: మోసం కాకపోవచ్చు సార్. కోడ్ నిజంగానే సరిపోయి ఉంటుంది. సిల్వర్ అంటే ఒట్టి రంగు కాదు, అందులో సన్నటి అల్యూమినియం పలుకులుంటాయి. రంగు చిమ్మే గన్ దగ్గరగా పెట్టి తడితడిగా కొడితే పలుకులు మునిగిపోయి రంగు ముదురుగా కనిపిస్తుంది. దూరం నుంచి పొడిగా కొడితే పలుకులు పైనే పరుచుకుని లేతగా, మెరుపుగా ఉంటుంది. ఒకే డబ్బా రంగు ఇద్దరు పెయింటర్లు కొడితే రెండు రంగులవుతుంది. మా గురువు సిల్వర్ కొట్టే రోజు పొద్దున ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, చెయ్యి తిన్నగా నడవాలని.

ఇంకో సంగతి. మీ ఫెండర్ పదేళ్లు ఎండలో ఉంది. డబ్బాలో రంగు నిన్నటిది. పైగా ఫెండర్ రేకు, బంపర్ ప్లాస్టిక్. ఫ్యాక్టరీలో బాడీ రేకుకు వేడి వేడి ఓవెన్లో పెయింటు ఆరబెడతారు. అంత వేడికి బంపర్ వంకరపోతుంది కాబట్టి దానికి వేరేగా కొడతారు. అంటే సిల్వర్, బంగారు రంగు కొత్త కార్లలో కూడా బంపర్‌కు, రేకుకు మధ్య చిన్న తేడా ఉంటుంది. ఈసారి షోరూముకు పోయినప్పుడు గమనించండి. ఒకసారి చూశారంటే ఆ తర్వాత ప్రతి కారులోనూ కనబడుతుంది, ఆ పాపం నాది.

ఇప్పుడు చేయాల్సింది: బంపర్ ఒక్కటే మళ్లీ కొట్టించొద్దు. రంగును బంపర్ మీద నిండుగా మొదలుపెట్టి, రెండు వైపులా ఫెండర్ల మీదికి పలచబరుస్తూ పోయి, పైన క్లియర్ (రంగు లేని మెరుపు పూత) ఫెండర్ మొత్తానికి కొట్టమనండి. రంగు మారే చోటు రెండు రేకుల సందులో పడితే కంటికి తెలుస్తుంది, రేకు మధ్యలో కరిగిపోతే తెలియదు. కొట్టే ముందు ఒక చిన్న రేకు ముక్క మీద కొట్టించి, ఆరాక, ఎండలోకి తీసుకొచ్చి కారు పక్కన పెట్టి చూడండి. ఆ ముక్కకు ఒప్పుకోని పెయింటర్ దగ్గర పని ఇవ్వకండి.

ప్రశ్న: కడప నుంచి. ఎనిమిదేళ్ల కారు, హెడ్‌లైట్లు పసుపు పచ్చగా మసకబారాయి. టూత్‌పేస్టుతో రుద్దితే పోతుందంటున్నారు.

జవాబు: పోతుంది, నెలకు మళ్లీ వస్తుంది. అది గాజు కాదు, పాలికార్బనేట్ ప్లాస్టిక్. ఎండకు పైపూత చచ్చిపోయి పసుపెక్కుతుంది. నీళ్లు పోస్తూ 1000 నంబరు పేపరు, తర్వాత 2000 నంబరు పేపరు రుద్ది, పాలిష్ చేసి, చివర్లో ఎండను ఆపే క్లియర్ కొట్టించాలి. చివరిది ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ. కారు మొత్తాన్ని ముసలిగా చూపించేది లైట్లే. రంగు కొట్టించాలనుకునే ముందు అవి బాగు చేయించి చూడండి, చాలాసార్లు రంగు అవసరమే పడదు.

ప్రశ్న: హిందూపురంలో ట్యాక్సీ నడుపుతాను. నా సెడాన్ డిక్కీ ఎవరో రంపంతో కోసేసినట్టుంటుంది. పెద్ద సెడాన్లకు ఎందుకు అట్లా లేదు?

జవాబు: రంపం బడ్జెట్‌ది తమ్ముడూ. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడుగున్న, చిన్న ఇంజను కార్లకు ఎక్సైజ్ పన్ను తగ్గించారు. స్విఫ్ట్ డిజైర్ 2008లో వచ్చినప్పుడు పొడుగు 4160 మిల్లీమీటర్లు. 2012లో 3995కు తెచ్చారు. ఆ పదహారు సెంటీమీటర్లూ తీసింది ఎక్కువగా డిక్కీలోంచే. ఇప్పటికీ అదే లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లు దాటని, 1200 సీసీ దాటని పెట్రోల్ కారుకు జీఎస్టీ 18 శాతం, అది దాటితే 40 శాతం. టీచరు గారు కొనబోయే నాలుగున్నర మీటర్ల కారులో ఆ వెనక పొడుగు డిక్కీ ఉంది చూడు, దాని అందానికి ఆయన పన్ను కూడా కడుతున్నాడు. నీ కారు అందంగా లేదని బాధపడకు. మలుపులో, సందుల్లో, పెట్రోలు బంకులో నీదే సుఖం.

ప్రశ్న: అంకుల్, నేను అనంతపురంలో ఇంటర్ సెకండియర్. నోట్‌బుక్ నిండా కార్లు గీస్తాను. కార్ల ఆకారాలు గీసేవాళ్లు ఇంజనీర్లా, ఆర్టిస్టులా? ఏం చదవాలి? మా నాన్న ఆడపిల్లకు ఇదేం పిచ్చి అంటున్నారు.

జవాబు: ఇద్దరూ కావాలమ్మా. గీసేవాళ్లు డిజైనర్లు. ఆ గీతను రేకులో నొక్కొచ్చా, చినిగిపోతుందా అని చూసేవాళ్లు ఇంజనీర్లు. మధ్యలో మట్టి పనివాళ్లున్నారు. కంప్యూటర్లు ఇన్ని వచ్చినా కంపెనీల్లో ఇప్పటికీ అసలు సైజు కారును ఒక రకం మట్టితో చేస్తారు. దాని మీద మెరిసే పొర పరిచి, లైట్ల కింద నీడ ఎట్లా పారుతోందో చూస్తారు. నా షెడ్డులో ట్యూబ్‌లైట్ల కింద నేను చేసిన పనే అది, కాకపోతే వాళ్లకు జీతం ఎక్కువ.

ఇంటర్ తర్వాత బీడిజైన్ అని డిజైన్ డిగ్రీ ఉంది. ఐఐటీ బొంబాయి లాంటి చోట్లకు యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష, ఎన్ఐడీలకు (జాతీయ డిజైన్ సంస్థలకు) వాళ్ల డీఏటీ పరీక్ష రాయాలి. మన రాష్ట్రంలోనూ ఒక ఎన్ఐడీ ఉంది. అచ్చంగా వాహనాల డిజైన్ చదవాలంటే ఎన్ఐడీ గాంధీనగర్ క్యాంపస్‌లో పీజీ ఉంది. ఐఐటీ బొంబాయిలోని డిజైన్ విభాగం ఐడీసీలోనూ ఉంది. ఏ గ్రూపు చదివావని కాదు, చెయ్యి, కన్ను చూస్తారు. మీ నాన్న గారిని ఒకసారి నా షెడ్డుకు తీసుకురా. నేను మాట్లాడతాను, టీ మావాడు తెస్తాడు.

వచ్చేటప్పుడు నోట్‌బుక్ తే. గ్రిల్లులు, లైట్లు గీసిన పేజీలు నాకొద్దు. పక్క నుంచి గీసినవి, రెండు చక్రాలు, ఒక రూఫు, ఒక గీత ఉన్నవి ఏరిపెట్టు. ఆదివారం పొద్దున పదింటికి షెడ్డు ఖాళీగా ఉంటుంది.